అడ్వైజరా, సీనియరా, స్టడీ సెషనా, కౌన్సెలరా: మొదటి ఏడాది ఏ ప్రశ్న ఎవరిని అడగాలి?

క్లాసులు మొదలై మూడు వారాలైంది. మొదటి టెస్ట్ పేపర్ చేతికొచ్చింది. ఇరవైకి ఆరు. స్కూల్లో ఎప్పుడూ చూడని మార్కు. రూముకొచ్చి మంచం మీద కూలబడి ఫోన్ తీస్తారు. మెయిల్‌లో అడ్మిషన్ రోజు వచ్చిన కబురుంది: మీ అడ్వైజర్ ఫలానా ప్రొఫెసర్ అని. క్లాస్ గ్రూప్‌లో చదవని మెసేజ్‌లు 180. ఓరియెంటేషన్ రోజు పరిచయమైన సీనియర్ నంబర్ ఉంది. మెట్ల దగ్గర గోడ మీద కౌన్సెలింగ్ సెంటర్ పోస్టర్ రోజూ కనిపిస్తూనే ఉంటుంది. ఇన్ని దారులున్నా ఆ రాత్రికి ఎవరినీ అడగకుండానే ఫోన్ పక్కన పెట్టి పడుకుంటారు.

అది బద్ధకం కాదు. ప్రొఫెసర్‌ని అడిగితే మనకేమీ రాదనుకుంటారేమో, సీనియర్‌కి చెబితే నలుగురికీ తెలుస్తుందేమో, కౌన్సెలర్ దగ్గరికి వెళ్లేంత పెద్ద కష్టమా ఇది అని ఒక్కో తలుపు ముందు ఒక్కో అనుమానం ఆపేస్తుంది. సలహా చెడ్డదై నష్టపోయినవాళ్ల కంటే, ఒకరిని అడగాల్సింది ఇంకొకరిని అడిగి నష్టపోయినవాళ్లే నాకు ఎక్కువ కనిపించారు. వాళ్లలో నేనూ ఒకణ్ణి.

రెండో సెమిస్టర్‌లో ఒక మ్యాథ్స్ పేపర్ మోయలేననిపించి, నాకంటే రెండేళ్లు ముందున్న సీనియర్‌ని అడిగాను. "అన్నా, ఇది ఇప్పుడు వదిలేసి వచ్చే ఏడాది రాసుకోవచ్చా?"

"హాయిగా వదిలేయ్‌రా, మా బ్యాచ్‌లో సగం మందిమి అదే చేశాం" అన్నాడు.

అన్న అబద్ధం చెప్పలేదు. వాళ్ల బ్యాచ్‌కి అది నిజమే. మా బ్యాచ్ నుంచి నియమం మారింది. ఆ పేపర్ పాసైతేనే తర్వాతి సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు తీసుకోనిస్తారు. నా రిజిస్ట్రేషన్ ఫారం ఆఫీసు నుంచి వెనక్కొచ్చినప్పుడు గానీ ఆ సంగతి తెలియలేదు. ఏడాది పాటు నా టైంటేబుల్ అతుకుల బొంతైంది. అన్న మీద నాకు కోపం లేదు, అది ఆయన్ని అడగాల్సిన ప్రశ్న కాదంతే. అదే అన్న ఒకసారి పరీక్షకు ముందు రాత్రి నా పక్కన కూర్చుని చెప్పిన మాటలు ఏ ఆఫీసులోనూ దొరికేవి కావు.

## ముందు ఏం చూసుకోవాలి

ఎవరి దగ్గరికి వెళ్లాలో తేల్చుకోవడానికి నేను ఐదు విషయాలు చూస్తాను.

మాటకు బరువు. ఆ మనిషి "సరే" అంటే కాలేజీ ఒప్పుకుంటుందా? గడువులు, క్రెడిట్లు (డిగ్రీ లెక్కలో ఒక్కో సబ్జెక్టుకు ఇచ్చే పాయింట్లు), సబ్జెక్టు వదులుకోవడం, స్కాలర్‌షిప్ షరతులు, సెలవు మీద వెళ్లడం లాంటి వాటిలో మొదట చూడాల్సింది ఇదే.

అనుభవం ఎంత తాజాది. ఈ కాలేజీలో, ఈ సబ్జెక్టులో, ఈ మధ్యనే ఇబ్బంది పడి బయటపడ్డ మనిషేనా? ముప్పై ఏళ్లుగా పాఠం చెబుతున్నవారికి అది అర్థం కాకపోవడం ఎలా ఉంటుందో గుర్తుండకపోవచ్చు.

గుట్టు. చెప్పింది ఎక్కడి వరకు వెళుతుంది?

దొరికే వేళ. టెన్షన్ వచ్చేది రాత్రి పదకొండుకు. ఆఫీసు తెరిచేది ఉదయం.

ముందు ఎవరు కదలాలి. దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ, నా ఉద్దేశంలో మిగతా నాలుగింటికంటే ఇదే ముఖ్యం. మీరు వెళ్లి తలుపు తట్టాలా, లేక వాళ్లే పిలుస్తారా? కెనడాలోని ఒక యూనివర్సిటీలో మొదటి ఏడాది విద్యార్థులపై ఆర్థికవేత్తలు జాషువా ఆంగ్రిస్ట్, ఫిలిప్ ఓరియోపౌలస్, వాళ్లతో పాటు డేనియల్ లాంగ్ కలిసి చేసిన ప్రయోగం ఫలితాలు 2009లో అచ్చయ్యాయి. ఒక గుంపుకు సీనియర్ల సలహా, స్టడీ సెషన్లు అందుబాటులో పెట్టారు. ఇంకో గుంపుకు మంచి మార్కులొస్తే డబ్బు ఇస్తామన్నారు. మూడో గుంపుకు రెండూ ఇచ్చారు. సలహా, సెషన్లు మాత్రమే ఇచ్చిన గుంపు మార్కుల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. చాలామంది వాటిని వాడుకోనే లేదు. రెండూ కలిపి ఇచ్చినచోట అమ్మాయిల మార్కులు పెరిగాయి, అబ్బాయిల్లో కదలిక లేదు. సాయం ఉండడం వేరు, అది మన దాకా రావడం వేరు అని ఇంతకంటే తేటగా చూపించిన ప్రయోగం నాకు గుర్తు లేదు.

ఈ కొలతలతో ఒక్కో దారినీ చూస్తే ఇలా ఉంటుంది:

| ఎవరు | మాటకు బరువు | తాజా అనుభవం | గుట్టు | దొరికే వేళ | ముందు కదలాల్సింది |
|---|---|---|---|---|---|
| ఫ్యాకల్టీ అడ్వైజర్ | తన డిపార్ట్‌మెంట్ వరకు బాగా | తక్కువ | ఓ మోస్తరు | ఆఫీసు వేళలు | ఎక్కువగా మీరే |
| అడ్వైజింగ్ ఆఫీసు | నియమాల్లో అందరికంటే ఎక్కువ | తక్కువ | ఓ మోస్తరు, ఫైల్లో రాసుకుంటారు | అపాయింట్‌మెంట్ | మీరు, కొన్నిచోట్ల వాళ్లే |
| సీనియర్ మెంటర్ | లేదు | చాలా ఎక్కువ | మనిషిని బట్టి | సాయంత్రాలు, మెసేజ్‌లు | కార్యక్రమం ఉంటే వాళ్లే |
| సబ్జెక్టు స్టడీ సెషన్ | ఆ సబ్జెక్టు వరకు | ఎక్కువ | దాచాల్సింది ఉండదు | వారంలో ఫలానా గంట | వెళ్లి కూర్చుంటే చాలు |
| కౌన్సెలర్ | మనసుకు సంబంధించినంత వరకు | దాంతో పనిలేదు | అన్నిటికంటే ఎక్కువ | అపాయింట్‌మెంట్, ఎదురుచూపు | మీరే |
| గ్రూపులు, చాట్‌బాట్లు | లేదు | కలగాపులగం | దాదాపు లేదు | ఎప్పుడైనా | మీరే |

## ఫ్యాకల్టీ అడ్వైజర్

19వ శతాబ్దం చివర్లో అమెరికా కాలేజీల్లో సబ్జెక్టులు విద్యార్థులే ఎంచుకునే పద్ధతి వచ్చాక, ఆ ఎంపికలో సాయపడే మనిషి అవసరం పుట్టింది. ఆ పని మొదట ప్రొఫెసర్ల మీదే పడింది. ఇప్పటికీ చాలా కాలేజీల్లో వాళ్లదే.

వీళ్ల బలం సబ్జెక్టు. ఈ బ్రాంచిలో మూడో ఏడాది చదువు ఎలా ఉంటుంది, ల్యాబ్‌లో ఎవరు దేనిమీద పనిచేస్తున్నారు, పై చదువుకు వెళ్లాలంటే ఇప్పుడు ఏ పేపర్ గట్టిగా చదవాలి అన్నవి వీళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు. మూడేళ్ల తర్వాత మీకు సిఫార్సు ఉత్తరం రాయాల్సింది కూడా వీళ్లే. మిమ్మల్ని ఒక్కసారైనా ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడని మనిషి రాసే ఉత్తరం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

బలహీనత ఏమిటంటే, డిపార్ట్‌మెంట్ గుమ్మం దాటితే నియమాలు వీళ్లకూ అంతంత మాత్రమే. ఫీజు వాయిదా గురించి ప్రొఫెసర్‌ని అడిగితే "ఆఫీసులో కనుక్కో" అంటారు. అది నిర్లక్ష్యం కాదు, నిజంగా తెలియదు.

1972లో బర్న్స్ క్రూక్‌స్టన్ అనే ఆయన అడ్వైజింగ్‌ను రెండు రకాలుగా విడదీశాడు. ఒకటి డాక్టర్, పేషెంట్ పద్ధతి. మీరు బాధ చెబుతారు, వారు చీటీ రాస్తారు. రెండోది ఇద్దరూ కలిసి ఆలోచించే పద్ధతి. అందులో విద్యార్థి తన నిర్ణయం తాను తీసుకోవడం నేర్చుకుంటాడు. మీ అడ్వైజర్ ఏ రకమో మొదటి పది నిమిషాల్లో తెలిసిపోతుంది. చీటీ రాసే రకమైతే ప్రశ్నలు పొట్టిగా, అవును-కాదు జవాబొచ్చేలా తీసుకెళ్లండి. కలిసి ఆలోచించే రకమైతే మీ అయోమయాన్ని ఉన్నదున్నట్టు ముందు పెట్టొచ్చు.

మెయిల్ ఎలా రాయాలో తెలియకే చాలామంది ఆగిపోతారు. ఇంత చాలు:

"నమస్తే మేడమ్, నేను మొదటి ఏడాది విద్యార్థిని, మీరు నా అడ్వైజర్. మొదటి టెస్టులో 20కి 6 వచ్చింది. చదివే పద్ధతి మార్చుకోవాలా, సబ్జెక్టుల భారం తగ్గించుకోవాలా తేల్చుకోలేకపోతున్నాను. ఈ వారం మీ ఆఫీసు వేళల్లో పది నిమిషాలు కలవొచ్చా? పేపర్ తీసుకొస్తాను."

మార్కు దాచకండి. అది చూశాక ఆ మేడమ్ మీకు టైం ఇవ్వడానికి వెనకాడరు. "మీతో కొంచెం మాట్లాడాలి మేడమ్" అని మాత్రమే రాస్తే ఎందుకో తెలియక మెయిల్ అడుగున పడిపోతుంది.

## అడ్వైజింగ్ ఆఫీసు

సలహా చెప్పడమే ఉద్యోగంగా ఉన్నవాళ్లు వీళ్లు. కొన్ని కాలేజీల్లో విడిగా ఆఫీసు ఉంటుంది, కొన్నిచోట్ల అకడమిక్ సెక్షన్‌లోనో విద్యార్థి సంక్షేమ విభాగంలోనో ఒకరిద్దరు ఈ పని చూస్తారు. నియమాల పుస్తకం వీళ్లకు కంఠతా వచ్చు. నా మ్యాథ్స్ పేపర్ ప్రశ్న వీళ్ల దగ్గరికి వెళ్లి ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది.

ఇబ్బంది రద్దీ. అమెరికా అడ్వైజర్ల సంఘం నకాడా 2011 సర్వేలో ఒక్కో ఫుల్‌టైమ్ అడ్వైజర్‌కు మధ్యస్థంగా 296 మంది విద్యార్థులున్నారు. అంతమందిలో మీ పేరు గుర్తుండాలంటే మీరే మళ్లీ మళ్లీ కనిపించాలి. ఈ సంఖ్య తగ్గితే ఏమవుతుందో న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ చూపించింది. 2007లో తన కమ్యూనిటీ కాలేజీల్లో, అంటే రెండేళ్ల డిగ్రీ ఇచ్చే కాలేజీల్లో, అది ఏశాప్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. దాని మీద జరిగిన పరిశోధనలో ఒక అడ్వైజర్‌కు 60 నుంచి 80 మందే ఉన్నారు. కార్యక్రమంలో లేనివాళ్లకు అదే సంఖ్య 600 నుంచి 1,500 దాకా ఉంది. పైగా అడ్వైజర్‌ని తరచూ కలవడం తప్పనిసరి. లాటరీలా ఎంపిక చేసి పోల్చి చూస్తే, మూడేళ్లలో డిగ్రీ పూర్తి చేసినవాళ్లు ఏశాప్‌లో 40 శాతం, బయట 22 శాతం. ఫీజు, పుస్తకాలు, ప్రయాణ ఖర్చుల సాయం కూడా అందులో కలిసి ఉంది కాబట్టి ఘనతంతా అడ్వైజర్లదే అనలేం. అయినా "తప్పనిసరిగా కలవాలి" అన్న షరతును నేను తేలిగ్గా తీసుకోను.

జార్జియా స్టేట్ యూనివర్సిటీ ఇంకో దారి పట్టింది. 2012 నుంచి విద్యార్థుల రికార్డుల్లో 800కు పైగా ప్రమాద సంకేతాలను కంప్యూటర్‌తో గమనిస్తూ, ఏదైనా తగిలితే అడ్వైజరే ఫోన్ చేసే ఏర్పాటు చేసింది. డిగ్రీకి లెక్కలోకి రాని సబ్జెక్టు తీసుకున్నా కబురొస్తుంది. మీ కాలేజీలో ఇలాంటి ఏర్పాటుంటే ఆ కాల్ వచ్చినప్పుడు కంగారు పడకండి, మెషిన్ మిమ్మల్ని ఫెయిల్ చేసిందని కాదు. లేకపోతే సెమిస్టర్‌కు రెండుసార్లు మీరే కాల్ చేసుకోవాలి: రిజిస్ట్రేషన్‌కు ముందు ఒకసారి, సబ్జెక్టు వదులుకునే గడువుకు వారం ముందు ఇంకోసారి.

ఇక్కడ విన్న ముఖ్యమైన మాట ఏదైనా సాయంత్రం మెయిల్‌లో తిరగరాసి పంపండి: "ఈరోజు మీరు చెప్పింది నాకు ఇలా అర్థమైంది, సరేనా?" రేపు మాట తేడా వస్తే ఆ మెయిలే అక్కరకొస్తుంది.

## సీనియర్ మెంటర్

సీనియర్ల దగ్గర సమాచారం ఉంటుందని అందరూ అనుకుంటారు. నిజానికి సమాచారంలోనే వాళ్లు బలహీనం. నా కథలోలాగా అది పాతబడి ఉంటుంది, పైగా ఒక్క మనిషి అనుభవం. వాళ్ల దగ్గర దొరికేది వేరే ఉంది.

గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తల ప్రయోగం 2011లో సైన్స్ పత్రికలో వచ్చింది. మొదటి ఏడాది విద్యార్థులకు సీనియర్ల అనుభవాలు కొన్ని చదవడానికి ఇచ్చారు. అన్నిటి సారం ఒకటే: "మొదట్లో ఇక్కడ నేను ఇమడలేననిపించింది. అది అందరికీ అనిపించేదే. మెల్లగా తగ్గింది." చదివాక ఆ మాటనే తమ అనుభవంతో కలిపి రాసి, తర్వాత రాబోయే విద్యార్థుల కోసం కెమెరా ముందు చెప్పమన్నారు. మొత్తం గంట పని. ఆ గంటలో పాల్గొన్న నల్లజాతి విద్యార్థుల మార్కులు తర్వాతి మూడేళ్లలో పెరిగి, తెల్లజాతి విద్యార్థులతో వాళ్లకున్న తేడా సగానికి తగ్గింది. తెల్లజాతి విద్యార్థుల్లో అలాంటి మార్పు కనిపించలేదు. అంటే "నేను ఇక్కడివాణ్ణేనా?" అన్న అనుమానం ఎవరికి ఎక్కువగా ఉందో, వాళ్లకే ఆ మాట పనిచేసింది.

అందుకే సీనియర్‌ని "ఏం చేయాలి?" అనడం కంటే "నీకెలా జరిగింది?" అని అడగండి. "అక్కా, ఫస్టియర్‌లో నీకు అన్నిటికంటే తక్కువ మార్కు ఎందులో వచ్చింది? ఆ వారం ఏం చేశావ్?" ఈ ప్రశ్నకు దాదాపు ఎవరైనా నవ్వేసి నిజం చెబుతారు. సలహా అడిగితే మాత్రం ప్రతివాళ్లూ కాస్త పెద్దరికం తెచ్చుకుని మాట్లాడతారు, నాతో సహా.

కాలేజీ జతచేసిన మెంటర్ మేలా, మనంతట మనం వెతుక్కున్నవాళ్లు మేలా? కాలేజీ జతచేస్తే శిక్షణ ఉంటుంది, గుట్టు విషయంలో కొన్ని నియమాలుంటాయి, ముందు కబురు వాళ్ల నుంచే వస్తుంది. అయితే ఆ జత చాలాసార్లు కాగితం మీదే అందంగా ఉంటుంది. మొదటి టీ తర్వాత ఇద్దరూ ఒకరికొకరు కనబడకుండా తిరిగే జంటలను చూశాను. వెతుక్కున్నవాళ్లతో మనసు కలుస్తుంది గానీ, వాళ్లు మనలాంటివాళ్లే అయి ఉంటారు. మనకు తెలియనిది వాళ్లకూ తెలియదు. ఉద్యోగం సంగతులు దగ్గరి స్నేహితుల కంటే ముఖపరిచయం ఉన్నవాళ్ల ద్వారానే ఎక్కువగా తెలుస్తాయన్న మాటకు సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973 వ్యాసంతో పేరు తెచ్చుకున్నాడు. కాలేజీలోనూ అంతే. కాబట్టి కాలేజీ ఇచ్చిన మెంటర్‌తో మనసు కలవకపోయినా పరిచయం తెంచుకోకండి, మనసు విప్పి మాట్లాడ్డానికి ఇంకొకరిని చూసుకోండి.

ఒక హెచ్చరిక. సాయం చేశాను కాబట్టి నా రికార్డులు రాయి, నా పనులు చేసిపెట్టు, ఫలానావాళ్లతో మాట్లాడకు అనే సీనియర్ మెంటర్ కాడు. ఆ పరిచయాన్ని అక్కడే ఆపేసి, కార్యక్రమం చూసే ఉద్యోగికి చెప్పండి.

## సబ్జెక్టు స్టడీ సెషన్లు

దీని గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోరు. నన్నడిగితే మార్కుల కష్టానికి మొదట వెళ్లాల్సింది ఇక్కడికే.

1973లో మిస్సోరీ యూనివర్సిటీ కాన్సాస్ సిటీ క్యాంపస్‌లో డియానా మార్టిన్ సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్ అనే పద్ధతి మొదలుపెట్టింది. దాని కిటుకంతా ఒక్క మలుపులో ఉంది. వెనకబడిన విద్యార్థులను ఏరడం మానేసి, ఎక్కువమంది తడబడే సబ్జెక్టులను ఏరారు. ఒక సబ్జెక్టులో 30 శాతమో అంతకంటే ఎక్కువమందో ఫెయిలవడం, అంచు మార్కులతో గట్టెక్కడం, మధ్యలో వదిలేయడం జరుగుతుంటే దానికి సెషన్ పెడతారు. అందరికీ తలుపు తెరిచే ఉంటుంది. టాపర్ వస్తాడు, ఆరు మార్కులవాడూ వస్తాడు, ఎవరు ఎందుకొచ్చారో ఎవరికీ తెలియదు. "నాకు సాయం కావాలి" అని నోరు తెరిచి అడగక్కర్లేదు. సిగ్గుతో వెనక్కి తగ్గేవాళ్లకు ఇంతకంటే సులువైన దారి లేదు.

సెషన్ నడిపేది ఆ సబ్జెక్టు అంతకుముందే బాగా పాసైన విద్యార్థి. ఆ మనిషి మళ్లీ క్లాసులో కూర్చుని పాఠం వింటాడు, నోట్సు రాసుకుంటాడు. సెషన్‌లో పాఠం మళ్లీ చెప్పడు. మీరు ఒక లెక్క దగ్గర ఆగిపోతే "ఇక్కడి దాకా ఎలా వచ్చావ్?" అని అడుగుతాడు. "నోట్సులో ఇలాంటిది ఏ పేజీలో ఉంది?" అని పక్కవాణ్ణి అడుగుతాడు. జవాబు చెప్పేస్తే పోయేదానికి ఇదంతా ఎందుకని మొదటిసారి చిరాకేస్తుంది. రెండో వారంలో పక్కవాడికి మీరు చెబుతుంటారు. అప్పుడు తెలుస్తుంది, మీకు ఎంతవరకు వచ్చో.

మీ కాలేజీలో అలాంటిది లేకపోతే నలుగురు కలిసి పెట్టుకోవచ్చు. నలుగురే. ఏడుగురైతే కబుర్లవుతాయి. ముందు ఎవరికి వాళ్లు ఒంటరిగా లెక్కలు చేసి, ఆగిపోయిన చోట గీత గీసుకుని రావాలి. గీతలు లేని కాగితంతో వచ్చినవాణ్ణి ఆ రోజు చూసి రాసుకోనివ్వకండి. కాపీ అలవాటు మొదలయ్యేది అక్కడే.

ఒంటరితనం, బ్రాంచి నచ్చకపోవడం, డబ్బు ఇబ్బంది లాంటివి మాత్రం ఇక్కడ తీరవు. సెషన్‌లో కుదిరిన స్నేహం వల్ల మొదటిది తీరితే అది మీ అదృష్టం.

## కౌన్సెలర్, వినే లైన్లు

ప్రపంచ ఆరోగ్య సంస్థ చొరవతో 8 దేశాల్లోని 19 కాలేజీల్లో దాదాపు 14,000 మంది మొదటి ఏడాది విద్యార్థులను అడిగిన సర్వే 2018లో అచ్చయింది. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్, ఆందోళన లాంటి మానసిక సమస్యల్లో కనీసం ఒకటి ఉన్నట్టు 35 శాతం మందిలో లక్షణాలు కనిపించాయి. అంటే మీ బెంచీలో ముగ్గురుంటే ఒకరు. "అంత పెద్ద కష్టమా ఇది?" అని గుమ్మంలో ఆగిపోయేవాళ్లకు ఈ లెక్క చెబుతాను.

ఎప్పుడు వెళ్లాలి? రెండు వారాలుగా నిద్రో తిండో పాడైతే, క్లాసుకు వెళ్లాలంటే ఒళ్లు కదలకపోతే, ఇష్టమైన పని మీద కూడా మనసు పోకపోతే. చనిపోవాలనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. ఆ గంటలోనే పక్కనున్న మనిషికి చెప్పి, అత్యవసర నంబర్‌కు ఫోన్ చేయండి. అలాంటి మాట స్నేహితుడి నోట మీరు వింటే గుట్టుగా ఉంచుతానని మాట ఇవ్వకండి. కౌన్సెలర్లు కూడా అన్నీ గుట్టుగానే ఉంచుతారు గానీ, ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంటే చెప్పక తప్పదని మొదటి రోజే చెబుతారు.

కౌన్సెలర్‌కూ స్నేహితుడికీ మధ్య ఇంకోటి ఉంది. 1970లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో నైట్‌లైన్ మొదలైంది. రాత్రివేళ ఫోన్ ఎత్తేది శిక్షణ పొందిన విద్యార్థులే. మీ పేరు అడగరు, సలహా ఇవ్వరు, వింటారు. తర్వాత ఎన్నో యూనివర్సిటీలు ఇదే బాట పట్టాయి. సలహా ఇవ్వకపోతే ఏం లాభం అనిపించొచ్చు. రాత్రి రెండింటికి ఎవరైనా తీర్పు చెప్పకుండా పది నిమిషాలు వింటే తెలుస్తుంది.

## గ్రూపులు, చాట్‌బాట్లు

రేపటి క్లాసు ఏ గదిలో, ఫారం ఏ లింకులో ఉంది అన్నంత వరకు భేష్. జార్జియా స్టేట్ 2016లో కొత్తగా చేరేవాళ్ల సందేహాలకు మెసేజ్‌లో జవాబిచ్చే చాట్‌బాట్ పెట్టింది. కాలేజీ సిబ్బంది సరిచూసిన సమాచారంతో నడిచేది కాబట్టి అక్కరకొచ్చింది. మీ ఫోన్‌లో ఉన్న మామూలు చాట్‌బాట్‌కు మీ కాలేజీ నియమాల పుస్తకం తెలియదు, తెలిసినంత ధీమాగా మాత్రం చెబుతుంది. గ్రూపులో నలుగురు ఒకే మాట అన్నా అది నలుగురి మాట కాకపోవచ్చు, ఒకడు అన్నది ముగ్గురు ఫార్వర్డ్ చేసి ఉండొచ్చు.

## మీరు ఎలాంటివాళ్లు?

ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి మీరే అయితే అడ్వైజింగ్ ఆఫీసుతో మొదలుపెట్టండి. మిగతావాళ్లకు ఇంట్లో అన్నయ్యో పిన్నో చెప్పే సంగతులు మీకు చెప్పేవాళ్లుండరు. "క్రెడిట్ అంటే ఏంటి సార్?" అని అడగడానికి మొహమాటపడొద్దు, వాళ్లు కూర్చున్నదే దానికి. ఆ తర్వాత మీలాంటి ఇంటి నుంచే వచ్చిన సీనియర్ ఒకరిని చూసిపెట్టమని మెంటర్ కార్యక్రమంవాళ్లనే అడగండి. పైన చెప్పిన గంట ప్రయోగం గుర్తుంది కదా.

స్కూల్లో ఎప్పుడూ ఫస్టొచ్చి, ఇక్కడ మొదటిసారి కిందపడ్డవాళ్లకు సెషన్లు. సాయం అడగడం మీకు అలవాటు లేదు, అడగక్కర్లేని చోటే మీకు సుఖం.

ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లకు, రోజూ దూరం నుంచి వచ్చిపోయేవాళ్లకు సాయంత్రం కార్యక్రమాలేవీ అందవు. ఫోన్‌లోనో వీడియోలోనో మాట్లాడే అడ్వైజర్ దొరికితే పట్టుకోండి. ఫోన్‌లో వారం వారం పలకరించే కోచింగ్ కూడా పనిచేస్తుంది. ఎరిక్ బెటింగర్, రేచెల్ బేకర్ 13,000 మందికి పైగా విద్యార్థులపై చేసిన పరిశోధనలో, అలాంటి కోచ్ ఉన్నవాళ్లు ఏడాది తర్వాత చదువు కొనసాగించడం సుమారు 5 శాతం పాయింట్లు ఎక్కువగా కనిపించింది. వాళ్లలో చాలామంది వయసు మీరి కాలేజీకి వచ్చినవాళ్లే.

బ్రాంచి తప్పు ఎంచుకున్నాననిపించేవాళ్లు ఇద్దర్ని కలవాలి: వెళ్లాలనుకుంటున్న డిపార్ట్‌మెంట్ ప్రొఫెసర్ ఒకరు, అక్కడ రెండో ఏడాది చదువుతున్న విద్యార్థి ఒకరు. మీ బ్రాంచి సీనియర్లను అడక్కండి. వాళ్లు ఉండిపోయినవాళ్లు, ఉండిపొమ్మనే చెబుతారు. మారడానికి గడువు ఎప్పుడో మాత్రం ఆఫీసులో కనుక్కోండి.

## ఆ ఇరవైకి ఆరు

మొదట్లో చెప్పిన రాత్రికి మళ్లీ వస్తే, నేనైతే ఇలా చేస్తాను. ఆ రాత్రే సబ్జెక్టు సెషన్ ఏ రోజో చూసి అలారం పెట్టుకుంటాను. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పొద్దున్నే అడ్వైజర్ మేడమ్‌కు పైన రాసిన మెయిల్ పంపుతాను. జవాబొచ్చే లోపు సీనియర్‌కు ఒక్క మెసేజ్: "అక్కా, ఈ పేపర్ మొదటి టెస్టులో నీకెంతొచ్చింది?" వారం తర్వాత కూడా సబ్జెక్టు వదిలేయాలనే అనిపిస్తే, గడువు తేదీ కాగితం మీద రాసుకుని అడ్వైజింగ్ ఆఫీసుకు వెళతాను. మార్కు సంగతి మరిచిపోయాక కూడా గుండెలో బరువు తగ్గకపోతే, మెట్ల దగ్గరి పోస్టర్ మీదున్న నంబర్‌కు ఫోన్ చేస్తాను.

టెస్ట్ పేపర్ మాత్రం చింపేయకండి. సెషన్‌లోనూ, మేడమ్ గదిలోనూ, ఆఫీసులోనూ మొదట చూపించమని అడిగేది దాన్నే.